డాబా మీద బంతి, గదిలో బొంత: విశాఖలో ఏడాది పని డైరీ

కొలతలు ముందే రాసేస్తున్నాను, ఎవరైనా ఇదే పని ఎత్తుకుంటే మొదట కావాల్సింది అవే. బొంత 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు. పదేసి అంగుళాల గళ్లు అడ్డంగా ఆరు, నిలువుగా తొమ్మిది, మొత్తం 54. ఒక్కో గడిలో నాలుగు చదరాలు. వాటిలో రెండు పాత చీరల నుంచి, లుంగీల నుంచి వచ్చినవి. మిగతా రెండు తెల్లబట్టకి డాబా మీద పూసిన బంతిపూలతో రంగు వేసినవి. అంటే పాతవి 108, రంగువి 108. ఒక్కో చదరం అయిదున్నర అంగుళాలకి కత్తిరిస్తే కుట్టాక అయిదు మిగులుతుంది.

తోట సంగతి: 12 అంగుళాల గ్రోబ్యాగులు పన్నెండు, 15 అంగుళాలవి ఆరు. ఇల్లు ఎంవీపీ కాలనీ వైపు, రెండంతస్తుల మీద డాబా, తూర్పు నుంచి ఉప్పుగాలి నేరుగా కొడుతుంది.

రెండు పనులూ ఒకే డైరీలో ఎందుకంటే, ఈ ఊళ్లో ఏ నెలలో ఏ పని నడుస్తుందో గాలిలో తేమే తేల్చేస్తుంది. మేలో రంగు వేద్దామంటే పువ్వు లేదు, ఆగస్టులో ఉతుకుదామంటే ఆరదు, చేత్తో కుడదామంటే సంక్రాంతి దాకా అరచేతి చెమటకి సూది జారుతూనే ఉంటుంది. అందుకే బొంత పనిని తోట నెలలకి కట్టేశాను.

మొదటి దశ: రోహిణి కార్తె – ఉతుకుడు, మట్టి

ఎండ ఉన్నప్పుడే బట్టల ఉతుకుడు అవగొట్టాలి. తెల్ల కాటన్ బట్ట 44 అంగుళాల పన్నాది మూడు మీటర్లు తెచ్చాను. పొందూరు ఖద్దరు మీద మనసు పోతుంది కానీ, మొదటి బొంతకి అంత ఖరీదైన బట్టని అయిదున్నర అంగుళాల ముక్కలు చేయబుద్ధి కాలేదు.

1. బట్టలోంచి 20 అంగుళాల చదరం కత్తిరించి, నిలువు ఎటో అడ్డం ఎటో దారంతో గుర్తు పెట్టాలి.
2. చాకలి సోడా వేసిన నీళ్లలో గంటసేపు మరిగించాలి. నీళ్లు టీ రంగులోకి దిగుతాయి, కొత్తబట్టకి పట్టిన గంజి, జిడ్డు అదంతా.
3. ఆరాక మళ్లీ కొలవాలి.

నా ముక్క నిలువున 19 అంగుళాలకి, అడ్డాన 19న్నరకి వచ్చింది. అంటే నిలువు 5 శాతం, అడ్డం రెండున్నర శాతం కుంగింది. దీన్ని ఉతక్కుండా కుట్టేసి ఉంటే మొదటి ఉతుకులోనే 90 అంగుళాల బొంతలో తెల్లచదరాలు ఒక పక్కకి, ఎప్పుడో కుంగిపోయిన పాతచీర చదరాలు ఇంకో పక్కకి లాక్కునేవి. మిగతా బట్టంతా కూడా ఇలాగే సోడాలో ఉడికించి ఆరేశాను. 98 అంగుళాల పొడవు 93కి దిగింది, కొస అంచులు తీసేస్తే అడ్డానికి ఏడు చదరాలు, పొడవుకి పదహారు వరసలు, మొత్తం 112. కావాల్సినవి 108.

పాత చీరలకి గంజి ఉంటే అదీ పూర్తిగా వదలగొట్టాలి. గంజి ఉన్న బట్ట వానాకాలంలో అల్మారాలో ఉంటే బూజు ముందు దానికే పడుతుంది.

మట్టి దగ్గర మొదటి మిశ్రమం పనికిరాలేదు. ఎర్రమట్టి, కాస్త పశువుల ఎరువు కలిపి రెండు బ్యాగులు నింపితే ఎండకి పైన పెచ్చు కట్టేసింది, అంచుల్లో సందు పడింది. కింద ట్రే పెట్టి లీటరు నీళ్లు పోసి చూస్తే 600 మి.లీ. క్షణాల్లో ట్రేలోకి వచ్చేశాయి, వేరు దగ్గర మట్టి పొడిగానే ఉంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, నానబెట్టి విడదీసిన కొబ్బరిపొట్టు ఒక పాలు, బ్యాగుకి రెండు గుప్పెళ్ల వేపపిండి, ఇలా మార్చాక అదే లీటరుకి ట్రేలో 150 మి.లీ. పడింది. ఈ కొలత ఎవరైనా అయిదు నిమిషాల్లో చేసుకోవచ్చు, మొక్క పెట్టకముందే చేసుకోండి.

బరువు కూడా తూచాను. తడి మట్టితో చిన్న బ్యాగు 24 కిలోలు, పెద్దది 48. మొత్తం దాదాపు 575 కిలోలు. ఇంత బరువు డాబా మధ్యలో పెట్టకూడదు, పిట్టగోడ వెంబడి, కింద దూలాలున్న చోట సర్దాను.

ఇప్పటిదాకా లెక్క: బొంతకి 325 రూపాయలు (బట్ట 300, సోడా 25). తోటకి 3,190 (బ్యాగులు 840, ఎర్రమట్టి 600, ఎరువు 450, కొబ్బరిపొట్టు 400, వేపపిండి 200, సగం ఎండని ఆపే 50 శాతం షేడ్‌నెట్ 700). కుట్టిన గళ్లు: సున్నా.

రెండో దశ: వానలు – విత్తనాలు, తుప్పు, నమూనాలు

మృగశిర వచ్చాక బెండ, గోంగూర, తోటకూర వేశాను, పెద్ద బ్యాగుల్లో రెండింటికి ఆనప. గోంగూర, తోటకూర గురించి రాయడానికేమీ లేదు, వేస్తే వస్తాయి. ఆనప దగ్గరే ఆలస్యం అయింది. పిందె పడుతుంది, బొటనవేలంత అయ్యాక పసుపు తిరిగి రాలిపోతుంది. ఎరువు మార్చినా, నీళ్లు తగ్గించినా అదే తీరు. అసలు సంగతి పరాగం అందకపోవడం. ఆనపపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, దాని దగ్గరికొచ్చేవి రాత్రి తిరిగే పురుగులు, గాలి కొట్టే డాబా మీదికి అవి పెద్దగా రావు. చీకటి పడే వేళ మగపువ్వు తెంపి, రేకులు వెనక్కి మడిచి, పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాస్తే సరిపోతుంది. అలా రాసిన పిందెలు నిలబడ్డాయి, వదిలేసినవి రాలాయి.

బెండలో రెండు మొక్కల ఆకులకి ఈనెలు పసుపు తిరిగాయి. పల్లాకు తెగులు, తెల్లదోమ మోసుకొస్తుంది, మందు లేదు. ఆ రెండూ పీకేసి, మిగతావాటికి లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రాలు కొట్టాను.

బంతి విత్తనం ఆగస్టు మొదటి వారంలో ట్రేలో పోసి, నాలుగు ఆకులు దాటాక చిన్న బ్యాగుల్లోకి మార్చాను, బ్యాగుకి రెండు చొప్పున ఎనిమిది మొక్కలు. కడియం నుంచి వచ్చే నారు రోడ్డు పక్కన దొరుకుతుంది కానీ, రంగుకి ముద్దబంతిలో బాగా ముదురు నారింజే కావాలి, పువ్వు చూడకుండా నారు కొంటే ఆ భరోసా ఉండదు.

కుట్టు మిషన్ ఈ నెలల్లోనే మొరాయించింది. చిన్న డిజిటల్ మీటరు కొని గదిలో పెడితే ఆగస్టులో తేమ 85కి తగ్గడం లేదు, వాన రోజుల్లో 90 దాటుతోంది. సూది మీద కంటికి కనపడని తుప్పు, తెల్లబట్ట మీద ప్రతి కుట్టుకీ గోధుమరంగు చుక్క. సూదులన్నీ మార్చి, మిషన్ సర్వీసు చేయించి, అప్పటినుంచి పని అవగానే సూది తీసి టాల్కం పౌడర్ ఉన్న డబ్బాలో పడేస్తున్నాను, మర్నాడు ముందు చింకిగుడ్డ మీద నాలుగు కుట్లు వేశాకే అసలు బట్ట పెడుతున్నాను.

మధ్య పొరగా ఏం పెట్టాలన్నది తేల్చుకోడానికి 18 అంగుళాల నమూనాలు రెండు కుట్టాను.

1. దూది పరిచినది: పొడిగా 105 గ్రాములు. పొద్దున్న ఉతికి ఫ్యాను కింద వేస్తే మర్నాటికి కూడా లోపల చెమ్మ ఉంది. దూదంతా ఒక మూలకి చేరి ముద్ద కట్టింది.
2. రెండు పొరల పాత నూలుచీర పెట్టినది: 75 గ్రాములు. అదే రోజు సాయంత్రానికి ఆరింది.

మన ఊరి చలికి రెండు పొరల చీర చాలు. కుట్టు వరసల మధ్య దూరం కూడా ఈ నమూనా మీదే చూశాను. మూడు అంగుళాలకి ఒకటి వేస్తే ఉతికాక లోపలి పొర జరిగి పైబట్ట బుడగలా లేచింది, రెండు అంగుళాలకి వేస్తే కదల్లేదు.

ఇప్పటిదాకా లెక్క: బొంతకి 925 (సర్వీసు 350, తేమ మీటరు 250 కలిసి). తోటకి 3,560 (విత్తనాలు 150, వెదుళ్లు, తాడు 220 కలిసి). కోసినవి: బెండ మూడు కిలోల పైన, ఆనపకాయలు నాలుగు. కుట్టిన గళ్లు: ఇంకా సున్నా. పాతబట్ట చదరాలు 108 కత్తిరించి పెట్టాను.

మూడో దశ: అక్టోబర్, నవంబర్ – గాలివాన, బంతి రంగు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరిని ఏం చేసిందో చూసినవాళ్లెవరూ ఈ రెండు నెలల్లో పందిరి కట్టి ఉంచరు. వాయుగుండం అనే మాట వినపడగానే షేడ్‌నెట్, వెదుళ్లు దింపేసి, బ్యాగుల్ని తూర్పు పిట్టగోడ చాటుకి ఒకదానికొకటి ఆనించి పెట్టాను. గాలి తగ్గాక అసలు పని ఇంకోటుంది: ఆకుల మీద ఉప్పు పేరుకుంటుంది, మంచినీళ్లతో కడగకపోతే రెండు మూడు రోజుల్లో అంచులు మాడినట్టు అవుతాయి.

రంగుకి ముందు చిన్న ముక్కల మీద పరీక్ష పెట్టాను. ఒక్కో ముక్కలో సగం అట్టతో కప్పి, కిటికీలో ఎండ తగిలే చోట వారంపైన ఉంచాను. శంఖుపువ్వు నీలం చాలా అందంగా పట్టింది, ఆ నీలం ఉంటే బొంత ఎంత బాగుండేదో, కానీ అట్ట తీసేసరికి ఎండ తగిలిన సగం బూడిదరంగు. కప్పిన సగాన్ని సబ్బునీళ్లలో ముంచితే ఆకుపచ్చకి తిరిగింది. మందారం అంతే. పసుపు ఉతుకుడికి కొంత ఆగినా ఎండకి వెలిసిపోయింది. బంతి మాత్రం కొద్దిగా తగ్గి అక్కడ నిలబడింది. దాంతో నీలం ఆశ వదులుకుని బంతి ఒక్కదాన్నే రెండు రంగులు చేశాను.

నూలుకి రంగు ఊరికే అంటుకోదు. ముందు కరక్కాయ వగరు, తర్వాత పటిక, ఆ పైన రంగు, మన కలంకారీవాళ్లు తరతరాలుగా చేసే పద్ధతే. వాళ్లు కరక్కాయలో పాలు కలిపేది కలంతో గీసిన రంగు పాకిపోకుండా ఉండటానికి. మనం ముంచుతున్నాం కాబట్టి పాలు అక్కర్లేదు. కరక్కాయలు, పటిక పూర్ణా మార్కెట్లో మూలికలమ్మే కొట్లో దొరికాయి.

300 గ్రాముల బట్టకి:

1. కరక్కాయ పొడి 60 గ్రాములు ఆరు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో కలిపి, తడిపిన బట్టని రాత్రంతా ఉంచాలి. పిండి, జాడించకుండా, నీడలో ఆరబెట్టాలి.
2. పటిక 45 గ్రాములు వేడినీళ్లలో కరిగించి, ఆరు లీటర్లు చేసి, బట్టని రెండు గంటలు ఉంచాలి. తేలిగ్గా జాడించాలి.
3. బంతిపూలు, తొడిమలు తీశాక 600 గ్రాములు, స్టీలు గిన్నెలో ముప్పావుగంట సన్నసెగ మీద ఉంచి వడకట్టాలి.
4. బట్ట వేసి మరో ముప్పావుగంట. నీళ్లు తెర్లకూడదు, తెర్లితే రంగు మట్టిగా మారుతుంది. కర్రతో కలుపుతూనే ఉండాలి, లేకపోతే మడతల దగ్గర మచ్చలు.
5. అందులోనే చల్లారనిచ్చి, నీడలో ఆరేయాలి.

మొదటి మెట్టులోనే దెబ్బ తగిలింది. కరక్కాయ పెట్టిన బట్టని డాబా దండెం మీద వేశాను, ఆ దండెం ఇనపతీగ, సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉంది. తీసేటప్పటికి తీగ ఆనిన చోటల్లా పెన్సిలుతో గీసినట్టు నల్లటి గీత, మడత విప్పితే లోపలి పొరకి కూడా దిగింది. గోరుతో గీకినా, ఉతికినా చెక్కుచెదరలేదు. కరక్కాయలో ఉన్న వగరుకి ఇనుము తగిలితే నలుపు పుడుతుంది, కలంకారీలో ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టి నల్లగీత గీసేది దీనివల్లే. దండెం తీయించి నైలాన్ తాడు కట్టించాను. గీతలు పడ్డ సగం బట్టని మాత్రం కావాలనే ఇనుముకి అప్పగించాను: తుప్పు మేకులు, బెల్లం రెండు వారాలు నానబెట్టిన నీళ్లు, బంతి రంగు వేశాక ఒక బకెట్టు నీళ్లలో మూడు గరిటెలు పోసి ముంచితే నిమిషంలో పసుపు కాస్తా ముదురు ఆలివ్ పచ్చ అయింది. గీతలు ఆ రంగులో కలిసిపోయాయి. ఇనప నీళ్లు ఎక్కువ పోయకండి, నూలు పెళుసెక్కుతుంది.

ఇప్పటిదాకా లెక్క: బొంతకి 985 (కరక్కాయ 40, పటిక 20 కలిసి). చదరాలు: పాతవి 108, పసుపు 56, ఆలివ్ 56.

నాలుగో దశ: కార్తీకం నుంచి ధనుర్మాసం – అతుకులు

మొదటి వరస కుట్టి పరిస్తే 60 అంగుళాలు రావాల్సింది 57 వచ్చింది. మిషన్ ఫుట్ (సూది దగ్గర బట్టని నొక్కిపట్టే రేకు) అంచుని ఆనవాలుగా పెట్టుకుంటే కుట్టులోకి పావు అంగుళం కాదు, మూడు ఎనిమిదోవంతులు పోతోంది. చదరం 5కి బదులు నాలుగుముప్పావు, గడి తొమ్మిదిన్నర, ఆరు గళ్లకి మూడు అంగుళాలు నష్టం. పొడవులో అయితే నాలుగున్నర పోయేది. ఎక్కడ తేడా ఉందో తెలియాలంటే స్కేలు సూది కింద పెట్టి, సూది మొన నుంచి సరిగ్గా పావు అంగుళం దగ్గర ప్లేటు మీద రంగు టేపు అతికించాలి. అదొక్కటి చేశాక గడి పచ్చికొలత (పక్క గడితో కలపకముందు) 10న్నర తప్పకుండా వచ్చింది.

లుంగీ ముక్కలు ఏటవాలుగా సాగుతాయి. వాటికి సన్నటి గంజి పెట్టి ఇస్త్రీ చేసి కుడితే గళ్లు సూటిగా ఉంటాయి, ఆ గంజి బొంత అయ్యాక ఎలాగూ ఉతుకులో పోతుంది. ప్రతి అతుకునీ ముదురు రంగు వైపుకి ఇస్త్రీ చేశాను.

డాబా మీద ఈ నెలల్లో మంచి రోజులు. టమాటా, వంగ నారు పెట్టాను, ముల్లంగి, పాలకూర, కొత్తిమీర విత్తనాలు చల్లాను. వంగకి పిండినల్లి వస్తే వేపనూనె కంటే ముందు నీళ్ల పైపుతో ఆకు అడుగున గట్టిగా కొట్టడం బాగా పనిచేసింది.

ఇప్పటిదాకా లెక్క: తోటకి 3,830 (నారు 90, వేపనూనె 180 కలిసి). గళ్లు: 54.

అయిదో దశ: సంక్రాంతి దాటాక – పరచడం, చేతికుట్టు

తేమ మీటరు 65 దగ్గర నిలబడింది, చేతులు పొడిగా ఉన్నాయి. ఈ ఊళ్లో చేతికుట్టుకి ఇంతకంటే మంచి రోజులు లేవు.

అడుగుబట్టకి ఒక చీర. అయిదున్నర మీటర్ల చీరలోంచి 96 అంగుళాల ముక్కలు రెండు వస్తాయి, పక్కపక్కన జోడించి 66 అంగుళాల వెడల్పుకి కత్తిరించాలి. మధ్య పొరలు రెండింటికీ ఒక్కో చీర ఇలాగే. మొత్తం మూడు చీరలు.

పరిచేటప్పుడు కింద వాటాలో ఉండే మామ్మగారిని పిలిచాను. శ్రీకాకుళం వైపు ఆవిడ, చిన్నప్పటినుంచి బొంతలు కుట్టిన చెయ్యి. నేను నాలుగు మూలలూ పట్టి బిగించి లాగుతుంటే, "అలగ లాగేస్తే ముడతొస్తాదమ్మా, మజ్జలోంచి అరిచేత్తో తుడుచుకుంటా రా" అంది. ఆవిడ చేతిలో చూశాను: గుడ్డని లాగదు, మధ్యలో అరచెయ్యి ఆనించి బయటికి జరుపుతూ వస్తుంది, అంచు దానంతటదే సర్దుకుంటుంది.

1. నేల తడిగుడ్డతో తుడిచి ఆరాక అడుగుబట్ట తిరగేసి పరచాలి, మూలలు టేపుతో అంటించాలి.
2. మధ్య పొరలు, ఆ పైన గళ్ల బట్ట. ప్రతి పొరా మధ్య నుంచి బయటికి.
3. కచ్చా కుట్టు మధ్యలో మొదలుపెట్టి, ఆరేసి అంగుళాలకి ఒక వరస, నిలువూ అడ్డం.
4. చేతికుట్టు కూడా మధ్య వరస నుంచే, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి.

ఆ చివరిదాని గురించి: ఒక అంచు నుంచి కుట్టుకుంటూ వెళ్తే అయిదు వరసలు తిరిగేసరికి అడుగున వేలెడు మడత చేరింది. ఆ వరసలు విప్పి మధ్య నుంచి మొదలుపెడితే మడత రాలేదు.

రెండు అంగుళాలకి ఒకటి చొప్పున 29 వరసలు, ఒక్కోటి 90 అంగుళాలు, మొత్తం 66 మీటర్ల కుట్టు. అంగుళానికి నాలుగు కుట్లు. దారం మూర కంటే పొడుగు తీసుకుంటే చిక్కు పడుతుంది, తేనెమైనం ముక్క మీదుగా ఒకసారి లాగితే నాలుగు పొరల్లో కూడా సాఫీగా దిగుతుంది. దబ్బనం వద్దు, పాత చీరకి కన్నాలు మిగులుతాయి; పొడుగాటి సన్నసూది, మధ్యవేలికి థింబుల్ (సూది గుచ్చుకోకుండా తొడిగే టోపీ).

ఇప్పటిదాకా లెక్క: బొంతకి 1,165 (మిషన్ దారం 60, చేతికుట్టు దారం 90, సూదులు 30 కలిసి). దారం దాదాపు 80 మీటర్లు.

ఆరో దశ: ఉగాది ముందు – అంచు, మొదటి ఉతుకు

చుట్టుకొలత 300 అంగుళాలు, మూలలకి, అతుకులకి 12 కలిపి 312. మిగిలిన చీరముక్కల్లోంచి రెండున్నర అంగుళాల పట్టీలు తీసి జోడించి, పైవైపు మిషన్ మీద, అడుగువైపు చేత్తో కుట్టాను.

తూకం 1 కిలో 350 గ్రాములు. కుంకుడు రసంతో చల్లనీళ్లలో ఉతికాను. నీళ్లు లేత పసుపు దిగాయి, పాత చదరాలకి అంటలేదు. ఆరాక కొలిస్తే 59 అంగుళాలు, 88న్నర. బట్టల సబ్బు పొడి నమూనా మీద చూస్తే పసుపు నారింజకి తిరిగింది, కాబట్టి దీనికి కుంకుడే.

మల్లెలు మొగ్గ తొడుగుతున్నాయి, షేడ్‌నెట్ మళ్లీ పైకెక్కింది, ఈసారి తూర్పు వైపు కూడా నిలువుగా కట్టాను. బంతి ఈ ఏడాది ఒకేసారి పూసి, వాయుగుండం రోజుల్లో కొంత నేలపాలైంది. అందుకని విత్తనం జూలై మధ్యలో సగం, ఆగస్టు చివర సగం వేస్తాను. ఎండిన పువ్వుల్లో ముదురు నారింజవి మాత్రమే ఏరి కాగితం పొట్లంలో పెట్టాను.

మిగిలిన నాలుగు రంగు చదరాలు చిరుగులకి. వాటినీ బొంతతో పాటే ఉతుకుతున్నాను, పక్కనే ఎండలో వేస్తున్నాను. రేపు అతుకు వేయాల్సొస్తే బొంత ఎంత వెలిసిందో అవీ అంతే వెలిసి ఉండాలి.